నాలుక కింద పొడి

నా నోరు మూయించినవాళ్ళు తక్కువ. కమీషన్ కొట్టు గుమస్తాల వల్ల కాలేదు, ముఠా మేస్త్రి వల్ల కాలేదు. మా ఆవిడైతే ఆ ప్రయత్నం ఎప్పుడో మానుకుంది. అలాంటి నన్ను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, రోజూ పది నిమిషాలు నోరెత్తకుండా కూర్చోబెట్టేది చిటికెడు తెల్లపొడి. మా పట్నం గవర్నమెంటు ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే తొట్ల పక్కన ఒక గది ఉంది. అక్కడ సిస్టరు మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, "నాలిక ఎత్తు బాబాయ్" అని నాలుక కింద పోస్తుంది. అది కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు, నీళ్ళు తాగకూడదు. కరిగాక మళ్ళీ నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించి అప్పుడు లేవాలి.

ఆ మందు పేరు బ్యూప్రినార్ఫిన్. నొప్పి మాత్రలకు బానిసైన మనిషి మళ్ళీ వాటి జోలికి పోకుండా నిలబెట్టే మందు. షుగరున్నవాడు షుగరు మాత్ర వేసుకున్నట్టే దీన్ని రోజూ వేసుకోవాలి. నాలుగేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. ఈ ఏడు మిరప సీజన్లో వారం రోజులు నాకది ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో, ఎవరి మాట మీద ఇవ్వలేదో రాసి పెట్టాలని కూర్చున్నాను. కోపంగానే కూర్చున్నాను, దాచుకోను.

నేను బడికి పోలేదు. నా అక్షరాలన్నీ బస్తాల మీద నేర్చుకున్నవే. గుంటూరు యార్డుకు వచ్చే మిరప బస్తాను మేం టిక్కీ అంటాం. ప్రతి టిక్కీ మీదా రైతు పేరూ ఊరి పేరూ నీలం సిరాతో రాసి ఉండేవి. దించేటప్పుడు గుమస్తా చదివేవాడు, నేను వింటూ చూసేవాణ్ణి. వినుకొండ, దర్శి, మార్కాపురం. ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టి పొట్లం కాగితాల దాకా, అక్కణ్ణుంచి పేపరు దాకా వచ్చాను. గోడ మీద ఏదైనా రాసి ఉంటే చదవకుండా దాటలేను. ఈ జబ్బుకు మాత్రం మందు లేదు.

టిక్కీ ఎత్తడానికి ఇద్దరు కావాలి. చెరొక మూల పట్టుకుని ఒక్క ఊపు ఊపి మూడోవాడి వీపు మీదికి వేస్తారు. ఆ ఇద్దర్నీ జోడీ అంటారు. ఊపు కలవకపోతే ఎవడో ఒకడి నడుం పోతుంది. నా జోడీ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, దూదేకుల మనిషి. వాళ్ళ తాత ఊరూరా తిరిగి పత్తి ఏకేవాడట. ఇతను పత్తి వదిలి మిరపలోకి వచ్చాడు. నేను ఆదివారం చర్చికి పోతాను, అతను శుక్రవారం మసీదుకు పోతాడు, మిగతా ఐదు రోజులూ ఇద్దరం ఒకరినొకరం బావా అని తిట్టుకుంటూ బతికాం. ముప్పై ఏళ్ళు. మా ముఠాలో ఒక ఆనవాయితీ ఉండేది. పని దిగాక జోడీని వదిలిపెట్టి ఎవడూ ముందు గేటు దాటడు. రెండోవాడు కాళ్ళు కడుక్కోవాలన్నా, గుమస్తాతో పోట్లాడాలన్నా, మొదటివాడు గేటు లోపలే నిలబడి చూడాలి. అలా నిలబడి నేను ఎన్ని పేపర్లు చదివానో లెక్క లేదు.

నడుంనొప్పి ఇద్దరికీ ఒక్క సీజన్లోనే మొదలైంది. యార్డు బయట మందుల షాపాయన చెరొక గొట్టం మాత్ర, అదే క్యాప్సూలు, ఇచ్చాడు. "ఇది వేసుకుని చూడండి, గుర్రాలయిపోతారు" అన్నాడు. అయ్యాం. నొప్పి పోవడమే కాదు, ఒళ్ళంతా దూదయ్యేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. తర్వాత రెండు, రెండు. తర్వాత నొప్పి సంగతి మేమూ మర్చిపోయాం, మాత్రా మర్చిపోయింది. వేసుకోకపోతే మటుకు నరకం. ముక్కు కారుతుంది, కళ్ళు కారతాయి, ఆవులింతలు, తుమ్ములు, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కడుపు కదిలిపోతుంది.

ఈ సంగతి పదేళ్ళకు పైగా ఎవరూ కనిపెట్టలేదు. ఎట్టా కనిపెడతారు? మిరప యార్డులో కళ్ళూ ముక్కూ కారని మనిషి ఎవడు? ఘాటుకు గుమస్తా తుమ్ముతాడు, వ్యాపారి తుమ్ముతాడు, గేటు దగ్గర కుక్క కూడా తుమ్ముతుంది. మాత్ర దొరకని రోజున నేను కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోతే మా ఆవిడ "ఇయ్యాల తేజ రకం దిగినట్టుంది, అంత ఘాటు" అని చల్లటి మజ్జిగ ఇచ్చేది. నేను తాగేవాణ్ణి. ఆమెకు చెప్పింది ఏమీ లేదు కాబట్టి అబద్ధం చెప్పానని కూడా అనిపించేది కాదు. వేరే ఊళ్ళో అయితే పట్టుబడేవాణ్ణి. ఇక్కడ ఘాటు నన్ను దాచిపెట్టింది.

చివరికి ఒక వేసవిలో, యార్డుకు సెలవులిచ్చినప్పుడు, పట్టుబడ్డాను. వాడరేవు సముద్రానికి చుట్టాలతో కలిసి పోయాం. ఇసుకలో, సముద్రపు గాలిలో, మిరపకాయ అన్నది కనుచూపు మేరలో లేని చోట, నాకు కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి. మా ఆవిడ నా మొహం చూసి, సముద్రం చూసి, మళ్ళీ నా మొహం చూసింది. "ఇక్కడ ఘాటు ఎక్కడిదయ్యా?" అంది. అంతే. ఆమే వాకబు చేసి నన్ను ఆసుపత్రి వెనక గదికి తీసుకుపోయింది. ఆ తర్వాత నెలకు నేను నా జోడీని తీసుకుపోయాను. "నువ్వు పో బావా, నాకేం" అని వారం బతిమాలించుకున్నాడు. తొమ్మిదో రోజు వచ్చాడు.

ఆ మందు నాకు ఏం చేసిందో చెబుతాను. మత్తు రాలేదు. ఆనందమూ రాలేదు. మామూలు వచ్చింది. అన్నం రుచి తెలిసింది. పొద్దున లేవగానే మొదటి ఆలోచన మాత్ర కాకుండా పోయింది. ఎత్తుడు పని నా నడుం వల్ల కాక, కోల్డ్ స్టోరేజీ పక్కన గోడౌనులో బస్తా మూతులు కుట్టే పనిలో చేరాను. దబ్బనం, పురికొస, నేను. నా జోడీ అక్కడే లారీల దగ్గర ఎత్తుతున్నాడు. "ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టావంటగా" అని మా పేటలో ఒక పెద్దమనిషి నన్ను నలుగురిలో అన్నాడు. ఆయన రోజూ బీపీకి రెండు మాత్రలు వేసుకుంటాడు. "మీరెప్పుడు మానతన్నారు?" అని అడిగాను. అప్పటినుంచి మాటల్లేవు.

ఆ గదితో నాకున్న పేచీ మందు గురించి కాదు, గంటల గురించి. తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకే తెరుస్తారు. సీజన్లో లారీలు ఏడింటికి వస్తాయి, మధ్యాహ్నం రెండు దాకా ఎత్తేవాడికి ఊపిరాడదు. కుట్టేవాణ్ణి నేనైతే దబ్బనం గుచ్చిపెట్టి గంటలో పోయి రావచ్చు. ఎత్తేవాడు పోతే జోడీ లేక ముఠా ఆగిపోతుంది. రెండోసారి పోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకని కిందటేడు నేనే అర్జీ రాశాను. సీజన్లో ఆరున్నరకు తెరవండి, లేదా వరసగా కొన్నాళ్ళు మానకుండా వచ్చినవాళ్ళకు రెండు రోజుల మందు ఇంటికివ్వండి అని. పంతొమ్మిది మంది సంతకాలు, వేలిముద్రలు. మొదటి వేలిముద్ర నా జోడీది. పై నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు తీసుకుని "బాగా రాశావ్ పెద్దాయనా, ఎంతవరకు చదివావు?" అన్నాడు. "ఈ కాగితం వరకు" అన్నాను. నవ్వాడు. చూస్తామన్నాడు. చూడలేదు.

ఇక ఈ ఏటి సంగతి.

సంక్రాంతి వెళ్ళాక గదికి కొత్త కౌన్సిలరు, అంటే మందు వేసుకునేవాళ్ళతో మాట్లాడి ఫారాలు రాసేవాడు, వచ్చాడు. ఎక్కడో ఎగువ ఊరి కుర్రాడు, మొదటి ఉద్యోగం. మంచి బట్టలు, మంచి భాష, చేతిలో ఎప్పుడూ ఒక ఫారం. మిరప ఊళ్ళో బతకడం అదే మొదలు. పాత కౌన్సిలరు ఈ ఊరివాడే, మమ్మల్ని చూడగానే "ఇయ్యాల ఏం రకం దించారు?" అని అడిగేవాడు. కొత్తాయన ఫారం చూసేవాడు.

మా పని మనుషులకు ఒక అలవాటు ఉంది. తువ్వాలు ముక్కు మీదికి, నోటి మీదికి లాక్కోవడం. షెడ్డులో అది లేకపోతే ఊపిరందదు. బయటికొచ్చినా చెయ్యి దానంతటదే తువ్వాలు పైకి లాగుతుంది. నా తువ్వాలూ నా జోడీ తువ్వాలూ చీరాల నుంచి తెచ్చిన ఒకే గళ్ళ తానులో చింపినవి. అంచులు నేనే కుట్టాను. నాది తెల్లదారంతో కుట్టాను. అతనిది కుట్టేసరికి తెల్లదారం అయిపోతే నల్లదారం వేశాను. "నీది ఏడుపుగొట్టు తువ్వాలు బావా" అని నేనే ఎగతాళి చేశాను.

ఫిబ్రవరి చివరిలో ఒక శుక్రవారం. ముందురోజే గోడౌనులో రంగు పోయిన తాలు కాయ వేరు చేశారు, గాల్లో ఎర్రటి దుమ్ము. నేను అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి పోయాను. కళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. బెంచీ మీద నా జోడీ అప్పటికే ఉన్నాడు. ఆ రోజు లారీలు ఆలస్యమని వీలు చూసుకుని వచ్చాడు. సిస్టరు అప్పుడే అతని నాలుక కింద పొడి పోసింది. అతను కళ్ళతోనే పలకరించి పక్కకు జరిగాడు.

నా వంతు రాకముందే కౌన్సిలరు లోపలినుంచి వచ్చాడు. చేతిలో ఒక గళ్ళ తువ్వాలు.

"ఇది నిన్న ఈ బెంచీ కింద దొరికింది" అన్నాడు నాతో. మూలకు వేసిన ముడి విప్పి చూపించాడు. లోపల తెల్లటి పొడి, తడిసి ఎండి, సున్నంలా గట్టిపడి ఉంది. "మందు నోట్లో పోయించుకుని తువ్వాల్లో ఉమ్ముతున్నావు. బయట అమ్ముతున్నావా?"

నేను తువ్వాలు అంచు చూశాను. నల్లదారం.

"నా తువ్వాలు నా భుజం మీద ఉంది కదండీ" అన్నాను.

"మీ వాళ్ళకు ఒక్కటే ఉంటుందా ఏంటి? నువ్వు మందు మింగుతుంటే, సారీ, కరిగించుకుంటుంటే, ఈ కళ్ళేంటి, ఈ ముక్కేంటి? మందు అందని లక్షణాలు కావా ఇవి? ఎప్పుడు చూసినా నోటికి తువ్వాలు అడ్డం."

"ఘాటండీ. షెడ్డు నుంచి వస్తన్నా."

"రోజూ ఘాటేనా?"

"మిరపకాయలు రోజూ కారంగానే ఉంటాయండీ."

బెంచీ చివర ఎవరో నవ్వారు. అది నాకు మేలు చేయలేదు. కౌన్సిలరు మొహం ఎర్రబడింది.

అతని వెనక గోడ మీద చార్టు ఉంది. నాలుగేళ్ళుగా రోజూ పది నిమిషాలు నోరుమూసుకుని ఆ చార్టు చదివినవాణ్ణి. వేలు పెట్టి చూపించాను. "అయ్యా, అందులో ఐదు లక్షణాలున్నాయి. కళ్ళు, ముక్కు, ఆవులింత, కంటిపాప పెద్దదవడం, రోమాలు లేవడం. మీరు రెండు చూశారు. మిగతా మూడూ చూడరా? నా చెయ్యి చూడండి. ఆవులించానా?"

"నువ్వు నాకు పాఠం చెబుతావా?" అన్నాడు.

నేను నా జోడీ వైపు తిరిగాను. అతను బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. తన మూసిన నోటికేసి వేలు చూపించాడు, పొడి ఉంది, మాట్లాడకూడదు అని. సరే అనుకున్నాను. కౌన్సిలరుతో "ఆయన నోట్లో మందు కరగనివ్వండి. ఆయనే చెబుతాడు, ఆ తువ్వాలు ఎవరిదో" అన్నాను.

నేను ఎందుకు చెప్పలేదు? అది నా నోటితో చెప్పే మాట కాదనుకున్నాను. అతను చెబుతాడనుకున్నాను. ఊపు ఎప్పుడు మొదలెట్టాలో ముప్పై ఏళ్ళు ఒకరికొకరం చెప్పుకోలేదు, చెయ్యి చెయ్యికి తెలిసేది. ఆ పది నిమిషాలు నేను గోడకు ఆనుకుని నిలబడి, అతని నోరు ఖాళీ అవడం కోసం కాచుకున్నాను. అతను నావైపు చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ చేతులే చూసుకున్నాడు. నాకు అప్పుడే తెలియాల్సింది.

సిస్టరు వచ్చి నాలుక ఎత్తించి చూసింది. "అయిపోయింది" అంది.

"చెప్పు. ఈ తువ్వాలు ఎవరిది?" అన్నాడు కౌన్సిలరు.

నా జోడీ తువ్వాలు వైపు ఒక్కసారి చూశాడు.

"బావదే సార్" అన్నాడు.

ఆ 'సార్' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. లేచి, చెప్పులు వేసుకుని, వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ గురువారాలే వస్తుంది, పక్క ఊరి నుంచి. ఆమె వచ్చి తేల్చేదాకా నా మందు ఆపుతున్నట్టు కౌన్సిలరు ఫారంలో రాశాడు. సిస్టరు "సార్, ఒక్కసారి ఫోన్ చేసి డాక్టరుగారిని కనుక్కుందాం, మందు ఒక్కసారిగా ఆపగూడదు గదా" అంది. "రూల్ రూలే సిస్టర్" అన్నాడు. నేను అరిచాను. ఏం అరిచానో రాయను. తలుపు దాకా అరుస్తూనే వచ్చాను. అరుపుకి మందు రాదు.

ఆ మందు మంచితనం ఏమిటంటే వెంటనే వదిలిపెట్టదు. శనివారం గడిచింది. ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు మొదలైంది. ముందు ఆవులింతలు, తర్వాత కళ్ళు, ముక్కు. చర్చిలో మిరపకాయలు లేవు. పక్కవాళ్ళు నన్ను చూసి తలవంచుకున్నారు. ప్రసంగం పశ్చాత్తాపం గురించి. అయ్యగారు నా చెంపల మీద ధారలు చూసి గొంతు ఇంకాస్త పెంచారు. అయ్యాక నా భుజం పట్టుకుని "చాలా సంతోషం అన్నా, దేవుడు నీతో మాట్లాడాడు" అన్నారు. ఆయన సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే అంది. "మీ బావ చేసిన పనికి నువ్వు గొట్టం మాత్రలకు పోయావంటే, నేను మా అక్క దగ్గరికి పోతా."

సోమవారం కుట్టుపనికి పోయాను. దబ్బనం చేతిలో నిలవలేదు. నా జోడీ ఎప్పుడూ దించే తలుపు దగ్గర లేడు, వెనక తలుపు దగ్గరికి మారాడు. మధ్యలో బస్తాల గుట్ట. అతని అడుగు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ అడుగు బరువును బట్టే టీ తాగలేదని కూడా తెలిసింది. గుట్ట దాటి ఇటు రాలేదు, నేను అటు పోలేదు.

మంగళవారం పొద్దున మందుల షాపుకు పోయాను. రెండు రోజులుగా కడుపులో ఏదీ నిలవలేదు, కాళ్ళు పీకేస్తున్నాయి, నిద్ర లేదు. షాపాయన నన్ను చూసి "ఏంది పెద్దాయనా, చాలా రోజులకు" అన్నాడు. చీటీ అడగలేదు. నేను ఏం కావాలో చెప్పనూ లేదు. కౌంటరు కింద చెయ్యి పెట్టాడు. గవర్నమెంటు గదిలో రూల్సు తొమ్మిది నుంచి పన్నెండు దాకా. ఇక్కడ రూల్సు లేవు, పొద్దున ఆరుకే షట్టరు తెరుస్తాడు. వేసుకున్నాను. మంగళవారం, బుధవారం. నా మీద మోపిన తప్పు నేను చేయలేదు. దానికి వేసిన శిక్ష మాత్రం నాచేత తప్పు చేయించింది. నాలుగేళ్ళు కట్టుకున్నది రెండు గొట్టాలతో పోయింది. మా ఆవిడకు నేనే చెప్పాను. ఆమె వాళ్ళక్క దగ్గరికి పోలేదు. కూర్చుని చింతకాయ పచ్చడి నూరింది, చాలాసేపు నూరింది.

గురువారం. గోడౌనులో చొక్కా మార్చుకుందామనుకుని మార్చుకోలేదు. షెడ్డులో అరగంట కావాలని నిలబడ్డాను. తువ్వాలు దుమ్ములో వేసి మడిచాను. నేరుగా పోయాను.

డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి, తొందర మనిషి, కానీ వింటుంది. పక్కన కౌన్సిలరు ఫారంతో నిలబడ్డాడు. అతను చదివాడు: కళ్ళు నీరుకారడం, ముక్కు కారడం, తువ్వాల్లో మందు.

"నువ్వేమంటావ్ తాతా?" అంది.

"అమ్మా, నేను ఏమీ అనను" అని భుజం మీది తువ్వాలు తీసి, బల్ల ముందు ఒక్క దులుపు దులిపాను. కావాలనే దులిపాను.

ఆ గదికి ఒకటే కిటికీ. ముందు కౌన్సిలరు తుమ్మాడు. తర్వాత డాక్టరమ్మ. సిస్టరు నవ్వుతూ తుమ్మింది. ఫారం కింద పడింది. ఇద్దరి కళ్ళూ ధారలు. నేను ఒక్కణ్ణే నిలబడి "చూడండమ్మా, మీకూ లక్షణాలున్నాయి. సారుకైతే ఇంకా ఎక్కువున్నాయి. ఇద్దరికీ మందు ఆపేద్దామా?" అన్నాను.

డాక్టరమ్మ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తలుపు తెరిపించింది. కాసేపటికి ఊపిరి తీసుకుని నా దగ్గరికొచ్చి కంటిపాప చూసింది, చెయ్యి చూసింది, కడుపు ఎలా ఉందని అడిగింది. చార్టులో ఉన్నవన్నీ చూసింది. అందుకు చదువుకోవాలి కాబోలు.

"నిజం చెప్పు తాతా. ఈ ఆరు రోజుల్లో ఏమన్నా వేసుకున్నావా?"

"వేసుకున్నా. నిన్న పొద్దున కూడా. మందు ఆపిన శుక్రవారం దాకా లేదు, అది మీరు రాసుకోండి."

రాసుకుంది. తిట్టలేదు. గొట్టం మాత్ర ఒంట్లోంచి పోకముందే ఈ మందు వేస్తే బాధ ఇంకా పెరుగుతుందని, మర్నాడు పొద్దున నేను వచ్చాక తన ఫోన్ మాట మీద మొదలుపెట్టమని సిస్టరుకు చెప్పింది. కౌన్సిలరుతో మాత్రం ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు అర్థం కాకూడదనే మాట్లాడింది, కానీ అతని చెవుల రంగు తెలుగులోనే ఉంది.

తర్వాత బెంచీ కింద దొరికిన తువ్వాలు బల్ల మీద పెట్టింది. "మరి ఇది ఎవరిది?"

చెప్పకుండా ఉండేంత పెద్ద మనసు నాకు లేదు. ఆరు రోజుల కింద ఉండేదేమో. "నా జోడీది. అంచు నేనే కుట్టా, నల్లదారం" అన్నాను. "అతను అమ్ముకోడమ్మా. లారీలు వచ్చిన రోజుల్లో ఇక్కడికి రాలేడు. ఆ రోజులకని దాచుకుని ఆ తువ్వాలు మూల చప్పరించి ఉంటాడు. ఆ గుడ్డ చూడండి, పళ్ళ గుర్తులున్నాయి."

ఉన్నాయి.

"అతని మందు ఆపమాకండి" అన్నాను. "ఆపితే వారం తిరక్కుండా నేను పోయిన షాపుకే పోతాడు. నా మీద చెప్పినందుకు నేను అతన్ని ఏం చేసుకుంటానో అది మా సంగతి. మందు మీ సంగతి. ఆరున్నరకు తెరవమని కిందటేడు అర్జీ ఇచ్చాం. పంతొమ్మిది మందిమి."

"నా దాకా రాలేదు" అంది డాక్టరమ్మ.

సిస్టరు బీరువా తెరిచింది. అర్జీ అక్కడే ఉంది, దస్తా కాగితాల కింద, నేను మడిచిన మడత మడిచినట్టే. మొదట్లో అతని వేలిముద్ర. డాక్టరమ్మ నిలబడే చదివింది. సిస్టరు "నా క్వార్టర్సు ఎదురే కదా మేడం. సీజనయ్యేదాకా నేను ఆరున్నరకు తెరుస్తా, తొందరగా మూసేసుకుంటాం" అంది. అంత తేలిక. పంతొమ్మిది మంది వేళ్ళకు కుదరనిది నమిలిన తువ్వాలు మూలకు కుదిరింది. నాకు సంతోషం కలగలేదు. మండింది.

శుక్రవారం మళ్ళీ మొదలైంది నా మందు, తక్కువ మోతాదుతో, కొత్తవాడికి మొదలైనట్టు. సోమవారం నుంచి తలుపు ఆరున్నరకు తెరిచారు. మొదటిరోజే ఎనిమిది మంది వచ్చారు, ఎత్తేవాళ్ళే అందరూ. కౌన్సిలరు కూడా వచ్చాడు, నిద్ర కళ్ళతో. నన్ను చూసి "షెడ్డు నుంచా, ఇంటి నుంచా?" అని అడిగాడు. ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు, అంచున రాసుకున్నాడు. అంతమటుకు ఒప్పుకుంటాను.

నా నాలుక కింద పొడి పోసి సిస్టరు జరగగానే, నా పక్కన ఎవరో కూర్చున్నారు. అడుగు చప్పుడుకే తెలిసింది. టీ తాగొచ్చాడు. భుజం మీద తువ్వాలు లేదు. సిస్టరు అతని నాలుక కింద కూడా పోసింది. అతన్ని డాక్టరమ్మ పిలిపించి మాట్లాడిందని, మందు ఆపలేదని, తువ్వాలు సంగతి ఎవరు చెప్పారో అతనికి తెలుసని నాకు ముందే తెలుసు. గోడౌనులో దాగే మాటా అది?

అతను నావైపు తిరిగాడు. గొంతులోంచి "బా..." అని వచ్చింది.

"మాట్లాడగూడదు మామయ్యా, పొడి పోద్ది" అంది సిస్టరు.

పది నిమిషాలు. ఎదురుగా చార్టు. నేను చార్టు చదవలేదు. నా నోటి నిండా మాటలున్నాయి, కాళ్ళు పీకిన ఆదివారం ఉంది, చింతకాయ పచ్చడి చప్పుడు ఉంది, కౌంటరు కిందికి వెళ్ళిన చెయ్యి ఉంది. అన్నిటి మీదా చేదుగా ఆ పొడి కరుగుతోంది. అతని చెయ్యి బెంచీ మీద నా చెయ్యికి జానెడు దూరంలో ఉంది. టిక్కీ మూల పట్టే చెయ్యి. గోళ్ళలో ఎరుపు.

నాది ముందు కరిగింది. నాలుక ఎత్తి చూపించాను. "వెళ్ళు బాబాయ్" అంది సిస్టరు. అతనికి ఇంకా మూడు నాలుగు నిమిషాలుంది. నోరు తెరవలేడు. కళ్ళు మాత్రం ఎత్తాడు.

ముప్పై ఏళ్ళలో జోడీని వదిలి నేను ముందు గేటు దాటలేదు. లేచి, చెప్పులు వేసుకున్నాను. గేటు దాకా నెమ్మదిగానే నడిచాను. అక్కడ ఒక్క క్షణం నిలబడ్డాను, నిలబడలేదని రాస్తే అబద్ధం. గేటు పక్క గోడ మీద ఏదో కాగితం అంటించి ఉంది, అది కూడా చదవలేదు.

దాటాను. గోడౌనులో కుట్టాల్సిన మూతులు చాలా ఉన్నాయి.